పాదప్రక్షాళన: క్రైస్తవ జీవితంలో తగ్గింపు, పరిచర్య

తగ్గింపు అంటే తనను తాను అల్పుడిగా ఎంచుకోవడమనీ, పరిచర్య అంటే ఇతరులకు ఉపకారం చేయడమనీ సాధారణంగా అనుకుంటారు. క్రైస్తవ మూలగ్రంథాలు మాత్రం ఈ రెంటినీ విడదీయవు. కొత్త నిబంధనలో తగ్గింపు ప్రసక్తి వచ్చిన ముఖ్యమైన చోట్లన్నిటా దాని పక్కనే అధికారం ప్రసక్తి ఉంటుంది. ఎవరి చేతిలో బలం ఉందో, ఎవరికి పెద్ద పీట దక్కిందో వాళ్లనే ఆ మాట మొదట నిలదీస్తుంది. కనుక క్రైస్తవ తగ్గింపును ఒక మనోభావంగా కంటే, పైనున్నవాడు కిందికి దిగివచ్చే నడకగా అర్థం చేసుకోవడం సరైనది. ఆ నడక నిజమైనదో కాదో సేవ చేసినవాడి మనసును తరచి చూస్తే తేలదు. సేవ అందుకున్న మనిషి బతుకు ఏమైంది, ఆ తరువాత అతడు ఎవరి ఎదుట ఎలా నిలబడగలిగాడు అని చూస్తే తేలుతుంది. పాదాలు కడిగే క్రైస్తవ ఆచారానికి సుమారు 2,000 ఏళ్ల చరిత్ర ఉంది. ఈ సంగతిని పరిశీలించడానికి అంతకంటే మంచి ఆధారం దొరకదు.

యేసు శిష్యుల పాదాలు కడిగిన ఘట్టం నాలుగు సువార్తల్లో యోహాను సువార్త 13వ అధ్యాయంలో మాత్రమే ఉంది. సమస్తమూ తన చేతికి అప్పగించబడిందని యేసుకు తెలుసునని చెప్పిన తరువాతే, ఆయన భోజనపంక్తి నుంచి లేచి, పైవస్త్రం తీసి, నడుముకు తువాలు కట్టుకున్నాడని సువార్తికుడు రాస్తాడు. ఈ వరుస యాదృచ్ఛికం కాదు. తనకేమీ లేదనుకున్నవాడు చేసిన పని కాదది, అన్నీ ఉన్నాయని ఎరిగినవాడు చేసింది. ఆ కాలపు యూదా, రోమా ఇళ్లలో దుమ్ము పట్టిన పాదాలు కడగటం బానిసల పని. పెళ్లిలో అల్లుడి కాళ్లు కడిగే మామను చూసిన తెలుగు పాఠకుడికి ఇందులోని తేడా త్వరగా అర్థమవుతుంది: మన ఆచారంలో ఆ నీళ్లు గౌరవం పొందవలసినవాడి పాదాల మీద పడతాయి, పోసేవాడు ఆ కాసేపు కిందివాడవుతాడు. యోహాను వర్ణించిన పంక్తిలో గురువే పళ్లెం పట్టుకున్నాడు. కడిగించుకున్న వాళ్లలో కొద్దిసేపట్లో ఆయనను అప్పగించబోయే శిష్యుడు యూదా కూడా ఉన్నాడు. లూకా సువార్త ప్రకారం అదే రాత్రి శిష్యులు తమలో ఎవరు గొప్పవాడని వాదులాడుకున్నారు. అంతకు ముందే జెబెదయి కుమారులిద్దరూ మహిమలో కుడిఎడమల ఆసనాలు తమకివ్వమని అడిగిన వైనం మార్కు 10వ అధ్యాయంలో ఉంది. అక్కడ యేసు అన్యజనుల పాలకుల తీరును ఎత్తిచూపి, తన వారిలో గొప్పవాడు కావాలనుకునేవాడు అందరికీ దాసుడై ఉండాలని చెప్పాడు. పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో క్రీస్తు దైవస్థితిని పట్టుకు వేలాడక దాసుడి రూపం ధరించాడని చెప్పేదీ ఇదే.

ఈ బోధ ఆనాటి నాగరిక ప్రపంచానికి ఎంత కొత్తదో తెలియాలంటే అరిస్టాటిల్ నీతిశాస్త్రం నాలుగో భాగంలోని మహామనస్కుడి వర్ణన చూడాలి. అతడు ఇతరులకు ఉపకారం చేస్తాడు కానీ పుచ్చుకోవడానికి సిగ్గుపడతాడు. పుచ్చుకోవడం కిందివాడి లక్షణమని అతడి నమ్మకం. పాదాలు కడిగించుకోనని మొరాయించిన పేతురు ఈ లోకానికి దగ్గరి మనిషి. యేసు అతడికి ఇచ్చిన జవాబు కఠినమైనది: కడిగించుకోకపోతే తనతో పాలు లేదన్నాడు. అంటే తగ్గింపులో ఇవ్వడం ఎంత ఉందో పుచ్చుకోవడమూ అంతే ఉంది. ఈ రెండో సగాన్ని క్రైస్తవ సంఘాలు తరచుగా మరచిపోయాయి. ఆ మరపు ఖరీదు ఏమిటో ముందుముందు చూద్దాం.

తొలి శతాబ్దాల్లో ఈ ఆచారం పండుగనాటి క్రతువుగా కంటే దినచర్యలో భాగంగా కనబడుతుంది. సంఘపు పోషణకు అర్హురాలైన విధవరాలి లక్షణాల్లో పరిశుద్ధుల పాదాలు కడగటం ఒకటని తిమోతికి రాసిన మొదటి పత్రిక చెబుతుంది. దాని పక్కనే పిల్లలను పెంచడం, అతిథులకు ఆశ్రయమివ్వడం, కష్టాల్లో ఉన్నవారికి సాయపడటం ఉన్నాయి. నాలుగో శతాబ్దంలో కప్పదోకియలోని కైసరయకు బిషప్పయిన బాసిల్ ఒంటరి తపస్సును ప్రశ్నించింది కూడా ఈ కారణంతోనే. ఎవరూ లేని చోట ఎవరి పాదాలు కడుగుతావని అతడి వాదం. 368-369 కరువు చూసిన ఈ మనిషి తరువాత నగరం వెలుపల రోగులకు, బాటసారులకు, కుష్ఠు బాధితులకు ఒక పెద్ద ఆశ్రయం కట్టించాడు. నాజియాంజస్ గ్రెగొరీ దాన్ని కొత్త నగరమని పొగిడాడు. ఆరో శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ తన మఠానికి రాసిన నియమావళిని గమనిస్తే వినయం ఎలా పనిగా మారుతుందో బోధపడుతుంది. 7వ అధ్యాయంలో వినయానికి 12 మెట్లు చెప్పిన ఆ గ్రంథమే 35వ అధ్యాయంలో వంటింటి వంతులు నిర్ణయిస్తుంది. వంతు ముగిసిన సన్యాసి శనివారం నాడు అందరూ వాడిన తువాళ్లు ఉతకాలి. దిగిపోయేవాడు, కొత్తగా వంతు ఎక్కేవాడు కలిసి అందరి పాదాలు కడగాలి. గిన్నెలు శుభ్రంగా, పగిలిపోకుండా అప్పగించాలి. అతిథులొస్తే మఠాధిపతే చేతుల మీద నీళ్లు పోయాలి, అతడూ మఠమంతా కలిసి వారి పాదాలు కడగాలి. పేదల విషయంలో మరింత శ్రద్ధ చూపాలి, ధనవంతులకు గౌరవం అడగకుండానే దక్కుతుంది కనుక. 12 మెట్ల అధ్యాయం కంటే ఈ వంటింటి అధ్యాయమే బెనెడిక్ట్ బోధకు ప్రాణమని నా అభిప్రాయం. ఒక ప్రభువంశం నుంచి వచ్చినవాడు, ఒక రైతుబిడ్డ ఒకే పొయ్యి దగ్గర వంతులు మార్చుకోవలసి వచ్చినప్పుడు వినయం గురించి వేరే ఉపన్యాసం అక్కరలేదు.

వంతు లేనిచోట ఏమవుతుందో రాజాస్థానాల చరిత్ర చెబుతుంది. మధ్యయుగాల నుంచి ఐరోపా రాజులు ఈస్టరుకు ముందు గురువారం నాడు పేదల పాదాలు కడిగేవారు. ఇంగ్లండులో ఆ కడగటం కాలక్రమేణా ఆగిపోయి, రాజు లేక రాణి వయసెంతో అంతమంది పురుషులకూ అంతమంది స్త్రీలకూ ప్రత్యేకంగా ముద్రించిన నాణేలు పంచే వేడుకగా మిగిలింది. వియన్నాలో హాప్స్‌బర్గ్ చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఏటా 12 మంది ముసలి పేదల పాదాలు కడిగేవాడు. ఆ రాజుల్లో భక్తి లేదని అనలేం. కానీ మర్నాడు ఆ 12 మంది ఎక్కడివాళ్లు అక్కడికే వెళ్లారు, చక్రవర్తి సింహాసనం ఎక్కాడు. కాథలిక్ ఆరాధనలో 1955లో పన్నెండవ పియస్ పోపు చేసిన సంస్కరణతో పాదప్రక్షాళనకు గురువారం సాయంకాలపు పూజలో చోటు కల్పించారు. 2013లో పోపు ఫ్రాన్సిస్ రోములోని బాలనేరస్థుల కారాగారానికి వెళ్లి 12 మంది పాదాలు కడిగాడు. వారిలో స్త్రీలు, ముస్లింలు కూడా ఉన్నారు. 2016లో నియమాన్నే సవరించి స్త్రీలకు ఆ క్రతువులో స్థానమిచ్చారు. సంస్కరణోద్యమంలోని అనబాప్టిస్టు శాఖ మరో దారి పట్టింది. 1632 నాటి డోర్ట్రెక్ట్ విశ్వాసప్రకటన 11వ అంశంలో విశ్వాసులు ఒకరి పాదాలు ఒకరు కడగాలని ఉంది. సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘాల్లో, వారి తెలుగు సంఘాలతో సహా, ప్రభువు బల్లకు ముందు విశ్వాసులు జంటలుగా కూర్చుని ఒకరి పాదాలు మరొకరు కడుగుతారు. యోహాను సువార్తలోని ఆజ్ఞకు ఈ పరస్పర పద్ధతే దగ్గరగా ఉంది. ఇందులో పై మనిషి ఎప్పుడూ ఇచ్చేవాడిగానే మిగిలిపోడు, తానూ చెప్పులు విడిచి కూర్చోవాలి.

ఇక ఈ బోధ మీద వచ్చిన అభ్యంతరాల్లో బలమైనది, వినయం బలహీనుల మెడకు కట్టిన గుదిబండ అన్నది. డేవిడ్ హ్యూమ్ 1751లో వినయాన్ని మఠవాసుల పనికిరాని గుణాల జాబితాలో చేర్చాడు. నీషే 1887లో దాన్ని బానిసల నీతి అన్నాడు. శక్తి లేనివారు తమ అశక్తతకే మంచితనమని పేరు పెట్టుకున్నారని అతడి వాదం. ఇవి తత్వవేత్తల మాటలని పక్కన పెట్టినా చరిత్ర ఇచ్చే సాక్ష్యం ఇంకా బరువైనది. 1807లో లండనులో వెస్టిండీస్ బానిసల కోసమని ప్రత్యేకంగా అచ్చువేసిన బైబిలు భాగాల్లో ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యం నుంచి బయటపడిన కథ లేదు. దాసులు యజమానులకు లోబడాలన్న మాటలు మాత్రం భద్రంగా ఉన్నాయి. బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో రాసిన ఆత్మకథలో, తన యజమాని లేఖనం వల్లిస్తూ ఒక కుంటి యువతిని కొరడాతో కొట్టడం చూశానని చెప్పాడు. 1960లో వాలరీ సైవింగ్ అనే వేదాంతి ఇంకో కోణం చూపించింది. గర్వమే మూలపాపమనీ, తనను తాను విసర్జించుకోవడమే విరుగుడనీ చెప్పిన వేదాంతం పురుషుల అనుభవం నుంచి పుట్టిందనీ, ఇంటెడు చాకిరిలో ఇప్పటికే తమను తాము పోగొట్టుకున్న స్త్రీలకు అదే మందు విషమవుతుందనీ ఆమె రాసింది.

ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తోసేయలేం. పేతురు మొదటి పత్రిక 2వ అధ్యాయం కఠినులైన యజమానులకు కూడా లోబడమని దాసులకు చెబుతుంది. ఆ వాక్యం అక్కడే ఉంది, దాన్ని దాచిపెట్టి వాదించడం నిజాయితీ అనిపించుకోదు. ప్రభుత్వ బలం ముందు నిస్సహాయమైన ఒక చిన్న గుంపుకు, ప్రాణాలతో బయటపడే దారిగా రాసిన సలహా అది అని కొందరు వివరిస్తారు. ఆ వివరణలో కొంత నిజముంది, కానీ ఆ వాక్యం వల్ల కలిగిన హాని తుడిచిపెట్టుకుపోదు. అయితే ఒకటి గమనించాలి. పాదప్రక్షాళన ఘట్టంలో గానీ, జెబెదయి కుమారుల ఘట్టంలో గానీ, ఫిలిప్పీ పత్రికలో గానీ దాసుడిని ఇంకా దాసుడివి కమ్మని ఎవరూ అడగలేదు. దిగి రావలసినవాడు పైనున్నవాడే. కొరడా పట్టుకున్నవాడు వినయాన్ని బోధించిన క్షణంలోనే ఆ బోధ తలకిందులైంది. నీషే, డగ్లస్ ఇద్దరూ చూసింది ఈ తలకిందులైన రూపాన్నే. నీషే దాన్నే అసలుదనుకున్నాడు. ఆ కొరడా కింద బతికిన డగ్లస్ మాత్రం దానికీ క్రీస్తు మతానికీ మధ్య ఎంతో దూరం ఉందని తన పుస్తకం చివర విడమరచి చెప్పాడు. ఈ విషయంలో డగ్లస్ సాక్ష్యమే బరువైనది.

తెలుగు నేల మీద ఈ వాదానికి అసలు పరీక్ష మాదిగ, మాల వాడల్లో జరిగింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ల వ్యాపారం మీద ఊరూరా తిరిగే మనిషి, ఆ ఏడే బాప్తిస్మం తీసుకుని తన బంధువర్గమంతటా ఈ సంగతి చెప్పాడు. మాదిగలను చేర్చుకుంటే తాము రాబోమని ఒంగోలు పైకులాల వారు స్పష్టం చేశారు. వారి పిల్లలు మిషను బడి మానేశారు. ఆ సందిగ్ధంలో క్లౌ, ఆయన భార్య వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ లోకంలో నీచులైన వారిని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే కొరింథీ పత్రిక భాగమే తగిలిందని ఆయన తరువాత రాసుకున్నాడు. ఇక్కడ వినయం అంటే పలుకుబడిని వదులుకోవడం. నీళ్లూ తువాలూ లేని పాదప్రక్షాళన. మరి చేరిన మాదిగలకు చెప్పిందేమిటి? ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. ఇవన్నీ ఊరి వెట్టి కట్టుబాట్లను తెంచే మాటలే. కళేబరం ఎత్తడం, జాతరలో డప్పు కొట్టడం, పిలిస్తే పరుగెత్తడం మాదిగ ధర్మమని నమ్మిన ఊళ్లలో ఇది ధిక్కారంగా కనబడింది, దెబ్బలూ తప్పలేదు. వినయం నేర్పవలసిన అవసరం మాదిగవాడలో లేకపోయింది. అక్కడ నేర్పవలసింది తల ఎత్తుకోవడం. తగ్గింపు బోధ బలహీనుడిని ఇంకా వంచుతుందన్న విమర్శకు పేరయ్య తరం జీవితమే జవాబు.

ఇదే చరిత్ర రెండో అభ్యంతరాన్ని కూడా ముందుకు తెస్తుంది: సేవ మతమార్పిడికి ఎర కాదా అని. 1876-78 మహాకరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి ఇచ్చాడు. తవ్వే చోటే బోధకులు మేస్త్రీలుగా ఉన్నారు. కూడు కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని ఆయన ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపివేశాడు. కరువు పనులు ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆపడం నిజాయితీకి గుర్తు. అయినా ప్రాణం నిలబెట్టిన చేతికి, ఆ చేయి పట్టుకున్న మతానికి మధ్య గీత గీయడం ఆకలిగొన్నవాడికి సాధ్యమా అన్న ప్రశ్న అంతటితో తీరదు. 1930లలో గాంధీ లేవనెత్తినదీ ఇటువంటి ప్రశ్నే. నాకు తోచే సమాధానం ఇది: ప్రతిఫలం కోరే సేవ క్రైస్తవ ప్రమాణాల్లోనే దోషం. యూదా పాదాలు కడిగినందుకు యేసుకు ఫలితమేమీ దక్కలేదు, దక్కదని తెలిసే కడిగాడు. మంచి సమరయుడి ఉపమానంలో గాయపడినవాడు ఏ మతం వైపు తిరిగాడో యేసు చెప్పలేదు. అదే సమయంలో, ఒక దళితుడు తన మతాన్ని మార్చుకుంటే అది ఎర తిన్నందువల్లేనని తీర్మానించడం కూడా అతడి బుద్ధిని చిన్నచూపు చూడటమే. మిషను కూలి లేనప్పుడు పదేళ్ల పాటు పేరయ్య నడిచిన దారులను ఆ తీర్మానం లెక్కలోకి తీసుకోదు.

తగ్గింపులోని ఆ రెండో సగం, అంటే పుచ్చుకోవడం, ఎంత కష్టమో 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో తెలిసివచ్చింది. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు, 1909 నుంచి దోర్నకల్లులో తెలుగువారి మధ్య పని చేస్తున్నవాడు. విదేశీ మిషనరీల త్యాగాన్ని, ధనసాయాన్ని ఆయన ఆ సభలో ఒప్పుకున్నాడు. అటుపైన, భారతీయ సహచరులతో కలిసి భోంచేయని, ఇంటికి పిలవని ఆ త్యాగంలో లోటేమిటో చెప్పి, తమకు కావలసింది స్నేహితులని అడిగాడు. సభలో చాలామందికి ఆ మాట రుచించలేదు. దేశం విడిచి, ఆరోగ్యం పోగొట్టుకుని, బిడ్డలను పాతిపెట్టి సేవ చేసినవాళ్లు తమను గర్విష్ఠులనుకోలేరు. అయినా ఎప్పుడూ ఇచ్చే చేయిగానే ఉండాలన్న పట్టుదలలో అరిస్టాటిల్ మహామనస్కుడి నీడ ఉంది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందాడు. 1945 జనవరి 1న చనిపోయే వరకు దోర్నకల్ అధ్యక్షమండలాన్ని నడిపాడు. అక్కడి విశ్వాసుల్లో అత్యధికులు మాల మాదిగలే.

సేవకు వినయం ఎంత అవసరమో నేర్పు కూడా అంత అవసరం. ఇది చెప్పడానికి కుష్ఠు వైద్యం కంటే మంచి ఉదాహరణ లేదు. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో మెథడిస్టు మిషను వైద్యురాలు ఇసబెల్ కెర్ 1915లో ప్రారంభించిన ఆసుపత్రికి రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత సాయపడ్డాడు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1940ల చివర పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు ముడుచుకుపోయిన చేతులకు స్నాయువు మార్పిడి శస్త్రచికిత్స మొదలుపెట్టాడు. వేళ్లు రాలడానికి వ్యాధి నేరుగా కారణం కాదనీ, స్పర్శ పోయినందువల్ల తెలియకుండా తగిలే కాలిన గాయాలు, ఒరుసుకున్న పుండ్లు కారణమనీ ఆయన, ఆయన సహచరులు నిరూపించారు. దాంతో పాదాల సంరక్షణే వైద్యమైంది: రోజూ కాళ్లు నీళ్లలో నానబెట్టడం, గట్టిపడిన చర్మాన్ని గరుకురాయితో రుద్దడం, నూనె రాయడం, పుండు పడితే ప్లాస్టరు కట్టి నడకభారం తగ్గించడం. వెల్లూరు, కరిగిరి కేంద్రాలు మెత్తని రబ్బరు అడుగుతో చెప్పులు రూపొందించాయి. చిత్తూరు, నెల్లూరు జిల్లాల రోగులెందరికో వెల్లూరే పెద్దాసుపత్రి కనుక ఈ చరిత్ర తెలుగువారిది కూడా. యోహాను సువార్తలోని పళ్లెం ఇక్కడ అక్షరాలా పళ్లెమే, కానీ ఎంతసేపు నానబెట్టాలో, చెప్పు అడుగు ఎంత మెత్తగా ఉండాలో తెలియని ప్రేమ ఆ పాదాన్ని కాపాడలేదు. 1994లో లాన్సెట్ వైద్య పత్రిక సంపాదకుడు రాబిన్ ఫాక్స్ కలకత్తాలోని మదర్ తెరెసా ఆశ్రమాన్ని చూసి, అక్కడి నొప్పి నివారణ, రోగనిర్ధారణ లోపాలను విమర్శించాడు. వీధుల్లో ఎవరూ ముట్టని వాళ్లను ముట్టిన ఆ సోదరీమణుల ధైర్యం కాదనలేనిది. అయినా ఆ విమర్శను భక్తులు శత్రుత్వంగా చూడకూడదు. సేవ అందుకున్నవాడి దేహమే ప్రమాణమని ఒప్పుకున్నప్పుడు, నొప్పి తగ్గిందా అన్న ప్రశ్న న్యాయమైన ప్రశ్న.

చివరి అభ్యంతరం అన్నిటికంటే బాధాకరమైనది. వినయపు చిహ్నమే అధికారానికి ముసుగు కావచ్చు. జాన్ వానియే 1964లో ఫ్రాన్సులో స్థాపించిన లార్ష్ సమాజాల్లో మేధో వైకల్యం ఉన్నవారు, లేనివారు కలిసి జీవిస్తారు, పాదప్రక్షాళన అక్కడ ప్రధానమైన ఆచారం. వానియే మరణించిన మరుసటి ఏడాది, 2020లో, లార్ష్ సంస్థే జరిపించిన విచారణలో ఆయన ఆధ్యాత్మిక మార్గదర్శకత్వం పేరుతో స్త్రీలను లైంగికంగా దోపిడీ చేశాడని తేలింది. వైకల్యం ఉన్నవారితో ఆయన నడిపిన జీవితం ఎందరికో మేలు చేసింది, ఆ స్త్రీలకు జరిగిన హానిని అది రద్దు చేయదు. వినయానికి మనసు సాక్ష్యం చాలదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదంతం లేదు. బయటివారి లెక్కచూపు, ఫిర్యాదు వినే వ్యవస్థ, పదవికి గడువు వంటివి ఆధ్యాత్మికతకు సంబంధం లేని పాలనా విషయాలని తోసిపుచ్చే సంఘనాయకులు ఉన్నారు. వారికి అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం గుర్తు చేయాలి. యెరూషలేము సంఘంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాళ్లకు రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని సణుగు వచ్చింది. అపొస్తలులు ఫిర్యాదు చేసినవారికి వినయాన్ని బోధించలేదు. సమూహాన్ని పిలిచి ఏడుగురిని ఎన్నుకోమన్నారు, పంపకం బాధ్యత వారికి అప్పగించారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు: ఏడూ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిన పక్షం వారి చేతికే గిన్నె, గరిటె వెళ్లాయి.